రంగయ్య శెట్టి అడిగిన తొమ్మిది లక్షల చలానా

2024 మార్చి నెల. డోన్‌లో పాత బస్టాండు దగ్గర, ఎరువుల అంగడి మీద మిద్దెలో నా ఆఫీసు. మెట్లు నిటారుగా ఉంటాయి. ఎక్కి వచ్చేసరికి ఎంతటి మనిషికైనా ఆయాసం వస్తుంది, చెప్పాలనుకున్న అబద్ధాల్లో సగం ఆ మెట్ల మీదే రాలిపోతాయి. జిల్లాలు విడగొట్టినాక మా ఊరు నంద్యాల లెక్కలోకి పోయింది గానీ మా నోటికి ఇంకా కర్నూలే. నేను పుట్టింది మైదుకూరు, ఎంకాం చదివింది కర్నూలు, మెట్టింది డోన్. చేసే పని ట్యాక్స్ ప్రాక్టీషనర్. ఆడిటరంటే పెద్ద చదువు, పెద్ద సంతకం. నాది చిన్న వ్యాపారుల పని: నెలనెలా జీఎస్టీ రిటర్నులు, ఏడాదికొకసారి ఇన్‌కంట్యాక్స్ రిటర్ను, మధ్యలో నోటీసు వస్తే జవాబు. ఇరవై రెండేళ్ళుగా ఇదే. ఊళ్ళో నన్ను ట్యాక్స్ మేడమ్ అంటారు. ఆమెకు నోరు శానా అని కూడా అంటారు. రెండూ నిజమే.

నా కుర్చీ వెనక గోడకు ఒక పట్టీ ఉంటుంది. ఏ ఆదాయం మీద ఎంత పన్నో తెలుగులో పెద్ద అక్షరాలతో రాయించి, ప్రతి ఏప్రిల్‌లో కొత్తది తగిలిస్తాను. అడిగిందే అడిగేవాళ్ళకు వేలు చూపిస్తే చాలునని. అందులో కింది నుంచి రెండో వరుస: లాటరీ, పందెం, ఆటలో గెలుపు, ముప్పై శాతం. ఆ వరుసను ఇన్నేళ్ళలో ఎవరూ చదివిన పాపాన పోలేదు. చదివిన మొదటి మనిషి రంగయ్య శెట్టి.

శెట్టిది చింతపండు వ్యాపారం. రైల్వే గేటు అవతల రేకుల కొట్టం, అదే గోడౌను. వేసవి నాలుగు నెలలు ఆ కొట్టంలో ఇరవై మంది ఆడవాళ్ళు కూర్చుని కాయ కొట్టి, గింజ తీసి, పువ్వు పండు చేస్తారు. ఆ పని నడిపేది శెట్టి భార్య నాగరత్నమ్మ. కొనుగోలు ఆయనది, కొట్టం ఆమెది అని ఊరి లెక్క. కాగితాల మీద మాత్రం కొట్టం కూడా ఆయన పేరు మీదే.

నా క్లయింట్లలో పన్ను కట్టడానికి సంతోషంగా వచ్చే మనిషి ఆయనొక్కడే. చలానా అంటే ప్రభుత్వానికి పన్ను కట్టినప్పుడు వచ్చే రసీదు. మిగతావాళ్ళు దాన్ని చూసి మొహం ముడుచుకుంటారు. శెట్టి దాన్ని రెండు చేతులతో తీసుకుని, మడత పడకుండా సంచిలో పెట్టుకుంటాడు. కొలాయి బిల్లు దగ్గర్నుంచి ఆయన కట్టిన ప్రతి రూపాయికీ ఆయన దగ్గర చీటీ ఉంటుంది.

ఒక బుధవారం పన్నెండు గంటలప్పుడు మెట్లెక్కి వచ్చాడు. లెక్కల ఏడాదికి చివరి నెల, బెంచీ మీద ఇంకో ఇద్దరు వ్యాపారులు కూర్చుని ఉన్నారు. శెట్టి వాళ్ళను చూసి కూడా ఆగలేదు.

"మేడమ్, ఒక చలానా కట్టాల."

"ఎంతకప్పా?"

"తొమ్మిది లక్షలకు."

నేను కంప్యూటరు వదిలేసి ఆయన మొహం చూశాను. ఏడాదంతా కలిపినా ఆయన ఇన్‌కంట్యాక్స్ ఇరవై వేలు దాటదు.

"ఏం శెట్టీ, గుత్తి కోటలో ఏమన్నా దొరికిందా?"

"దొరికింది కాదు మేడమ్, గెల్చినా," అని ఫోన్ నా ముందు పెట్టాడు. పచ్చటి తెర మీద పేకముక్కలు, మధ్యలో ఒక అంకె. ముప్పై లక్షలు.

ఆయన చెప్పింది ఇది: మధ్యాహ్నం కొట్టంలో బేరాలుండవు. ఫోన్‌కు ఒక లింకు వచ్చింది. ఇక్కడి కంపెనీ కాదు, సముద్రం అవతల యాడో దీవిలో రిజిస్టరు అయిన సైటు. మన రాష్ట్రంలో ఇలాంటి ఆటలకు అనుమతి లేదు, ఆ సంగతి ఆయనకు తెలుసు. కంపెనీ పరదేశందైతే చట్టం కూడా పరదేశందే అనుకున్నాడు. మొదట ఐదువందలు పెట్టాడు. గెలిచాడు. రెండువేలు వెనక్కి అడిగితే పది నిమిషాల్లో బ్యాంకులో పడింది. ఆ తర్వాత నాలుగు నెలల్లో రెండు లక్షల నలభై వేలు లోపలికి పోయాయి, తెర మీద అంకె ముప్పై లక్షలయింది. దాన్ని బయటికి తీద్దామంటే మొదలయింది తంటా.

మొదట కేవైసీ అన్నారు, అంటే మనిషి ఎవరో రుజువు. ఆధార్, పాన్, కార్డు పట్టుకుని దిగిన ఫోటో పంపాడు. తర్వాత టర్నోవరు చాల్లేదన్నారు. బోనసుగా ఇచ్చిన సొమ్మును పదిసార్లు ఆడి తిప్పితే గానీ బయటికి రాదంట. జీఎస్టీలో కూడా టర్నోవరు ఉంటుంది కాబట్టి ఆయనకు అదీ న్యాయంగానే తోచింది. తిప్పాడు. ఇప్పుడు మూడోది: గెలుపు మీద ముప్పై శాతం పన్ను ముందు కట్టాలి, కడితే ఒక్క రోజులో మొత్తం వచ్చేస్తుంది. గడువు శుక్రవారం సాయంత్రం.

"అది న్యాయమే గదా మేడమ్," అన్నాడు శెట్టి, నా తల మీదుగా గోడ చూపిస్తూ. "మీరే రాయించినారు. ముప్పై శాతం. వాళ్ళు ఆ మాట అన్నప్పుడే నాకు నమ్మకం కుదిరింది. దొంగోడైతే మన ట్యాక్స్ మేడమ్ రేటు వానికెట్లా తెలుస్తుంది?"

ఇరవై రెండేళ్ళలో నా గోడ పట్టీని సాక్ష్యంగా తెచ్చిన దొంగలు వీళ్ళే.

"మరి నా దగ్గరికెందుకొచ్చినావు?"

"వాళ్ళు ఎవరిదో అకౌంటు నంబరిచ్చి దానికి కట్టమంటాండారు. నేనొప్పుకోలే. సర్కారు పన్ను సర్కారుకే కడతా, నా పాన్ మీద రసీదు రావాల, ఆ రసీదు మీకు పంపిస్తా అన్నా. కుదరదంటాండారు. మీరు ఇంగ్లీషులో ఒక మాట చెప్పి చూడండి. వింటే సరే. లేదంటే ఏం చేస్తాం, శుక్రవారం వాళ్ళు చెప్పినట్టే కట్టేస్తా."

"తొమ్మిది లక్షలు యాడుండాయి నీ దగ్గర?"

గొంతు తగ్గించాడు. "కొట్టం అమ్ముతాండా. పక్క సిమెంటు అంగడాయనకు. బయానా యాభై వేలు తీసుకున్నా. శుక్రవారం పొద్దున రిజిస్ట్రేషను. ఒక్క రోజు ఓపిక పడితే ముప్పై లక్షలు వస్తాయి, రెండు కొట్టాలు కొనచ్చు."

"నాగరత్నమ్మకు తెలుసా?"

శెట్టి సంచి సర్దుకున్నాడు.

ఇక్కడ నేను చేసిన పని చెప్పుకోవాలి, సిగ్గయినా సరే. బెంచీ మీద ఇద్దరు వింటున్నారని కూడా చూసుకోకుండా మొదలుపెట్టాను. "నీకేమన్నా తిక్కనా శెట్టీ? ముప్పై ఏండ్లు తక్కెడ పట్టుకున్నోడివి, ఫోన్‌లో అంకె చూసి కొట్టం అమ్ముకుంటావా? అది దుడ్లు కాదప్పా, దుడ్ల బొమ్మ! గోడ మీద ఆవు బొమ్మ గీసి కింద చెంబు పెట్టుకుని కూర్చున్నట్టుండాది నీ కథ. ఇరవై మంది ఆడోళ్ళ పొట్ట కొట్టి యాడో దీవిలో ఉన్నోడికి కట్టబెడతావా?" ఇంకా ఏమేమో అన్నాను. అన్నీ నిజాలే. బెంచీ మీద వాళ్ళిద్దరూ ఆవు దగ్గర పక్కున నవ్వారు.

శెట్టి ఫోన్ తీసుకున్నాడు. లేచి నిలబడి, నెమ్మదిగా అన్నాడు: "మేడమ్, నాలుగు నెలలుగా ఆ కంపెనీ యమ్మతో చాటింగు చేస్తాండా. ఎన్నిసార్లు అడిగినా విసుక్కోలే. సార్ అనే పిలుస్తాది. ఒక్క మాట తూలలే." మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

ఆ మాట నాకు మధ్యాహ్నం అన్నంలో రాయి తగిలినట్టు తగిలింది. దొంగ మర్యాదగా మాట్లాడింది. నిజం చెప్పేదాన్ని, నేనేమో ఆయన్ని నలుగురిలో నవ్వులపాలు చేశాను. మనిషి ఎటు పోతాడు?

సాయంత్రం మూడుసార్లు ఫోన్ చేశాను, తీయలేదు. రిటర్నుల కోసం ఆయన కరెంటు అకౌంటు స్టేట్‌మెంటు నా దగ్గరే ఉంది. తీసి ముందు పెట్టుకున్నాను. మా పనిలో స్టేట్‌మెంటు చదవడమంటే అంకెలు కూడటం ఒక్కటే కాదు, ఎవరికి పోయింది, ఎవరి నుంచి వచ్చింది అనే పేర్లు చదవాలి. మనిషి ఎట్లా బతుకుతున్నాడో ఆ పేర్లు చెప్తాయి. శెట్టి స్టేట్‌మెంటులో పదేళ్ళుగా అవే పేర్లు: గోనెసంచుల అంగడి, లారీ ఆఫీసు, హోటళ్ళవాళ్ళు. ఈ నాలుగు నెలల్లో మాత్రం ఊరూ పేరూ లేని వాళ్ళు దూరారు. ఒక కోళ్ళ ఫారం. ఒక ఫ్యాన్సీ స్టోరు. ఒక మొబైల్ రిపేరు. ఎవరెవరో మనుషుల పేర్లు. సైటుకు కట్టిన పద్నాలుగు సార్లలో పదకొండు పేర్లు. వెనక్కి వచ్చిన ఆ రెండువేలు పంపింది ఒక లేడీస్ టైలరు. పేకాట కంపెనీకి లేడీస్ టైలరుతో ఏం పని? అవన్నీ అద్దెకు తెచ్చుకున్న అకౌంట్లు. ఎవరి అమాయకత్వమో, ఎవరి పేదరికమో వాడుకుని వాళ్ళ పేరు మీద సొమ్ము తిప్పుతారు.

ఆ కాగితాలు సంచిలో పెట్టుకుని మరుసటి రోజు, గురువారం, మూడు గంటలకు కొట్టం దగ్గరికి పోయాను. క్లయింట్ల ఇంటికి నేను పోను, వాళ్ళే మెట్లెక్కి రావాలి. ఆ పద్ధతి ఆ రోజు ఒక్కసారి తప్పింది.

రేకుల కింద పొయ్యి మీద కూర్చున్నట్టుంది. వరసగా ఆడవాళ్ళు, కొయ్య సుత్తులు, కొట్టిన కాయ పెంకులు, నోట్లో నీళ్ళూరే పులుపు వాసన. నాగరత్నమ్మ వాకిట్లో తక్కెడ దగ్గర నిలబడి ఉంది.

"రా సరోజక్కా! ఏం ఈ ఎండలో? కాళ్ళు కాలలేదా?"

"కాలినాయి. శెట్టి యాడ?"

"లోపల బేరంలో ఉండాడు. నువ్వన్నా రోంత అడుగక్కా, ఈ మనిషికి ఏమయిందో. వచ్చే సోమవారం నుంచి ఎవరినీ పనికి రావద్దంటాండాడు. ఎందుకయ్యా అంటే కొట్టం రిపేరంట. సీజను నడుమ ఎవడన్నా రిపేరు పెడతాడా? వీళ్ళకేం చెప్పాల నేను?"

సుత్తులు ఆపి అందరూ నా మొహం చూశారు. క్లయింటు సంగతి ఇంట్లోవాళ్ళకు కూడా చెప్పకూడదనేది మా వృత్తిలో నియమం. నా నోటికి తాళం వేసుకోవడం ఎంత కష్టమో ఆ నిమిషంలో తెలిసింది. "అడుగుతాలేమ్మా," అని లోపలికి పోయాను.

శెట్టి తుగ్గలి దిక్కు నుంచి వచ్చిన ఒక రైతుతో బేరంలో ఉన్నాడు. ముందర ఒక చిప్పం, అంటే ఈతచాపలో చుట్టి తాళ్ళతో బిగించిన చింతపండు మూట. పైన పండు బంగారు రంగులో నిగనిగలాడుతోంది. శెట్టి దాని వైపు కన్నెత్తి కూడా చూడలేదు. చొక్కా చెయ్యి పైకి మడిచి, మోచేయి దాకా చిప్పంలోకి దూర్చి, అట్టడుగు నుంచి ఒక పిడికెడు తీశాడు. తీసింది నల్లగా, తడిగా, సగం గింజే.

"ఏమప్పా, పైన పెండ్లికూతుర్ని కూర్చోబెట్టి అడుగున ఎవర్ని దాచినావు?"

రైతు నవ్వేశాడు. "నీ చెయ్యి అంత పొడుగని తెల్దు శెట్టీ." రేటు తగ్గింది, బేరం తెగింది, రైతు తూకానికి వాకిట్లోకి పోయాడు.

నేను ఒక మూట మీద కూర్చున్నాను. వాదన ఎట్లా మొదలుపెట్టాలో నాకు పుట్టుకతో తెలుసు. తప్పు ఒప్పుకోవడం ఎట్లా మొదలుపెట్టాలో తెలియదు. చివరికి అన్నాను, "శెట్టీ, నిన్న నలుగురిలో నిన్ను అన్న మాటలు తప్పు."

"మీరు తిట్టేది మామూలే గదా మేడమ్," అన్నాడు చేతులు తుడుచుకుంటూ. "వాళ్ళు నవ్వినారు చూడండి, అదే తగిలింది."

స్టేట్‌మెంటు తీసి చూపించాను. పదకొండు పేర్లకూ పెన్నుతో గీతలు కొట్టి ఉంచాను.

"ఒకటే కంపెనీ అయితే ఇన్ని పేర్లెందుకు?"

"పెద్ద కంపెనీ, శానా బ్రాంచీలు ఉంటాయనుకున్నా."

"కోళ్ళ ఫారం బ్రాంచీనా?"

మూతి పక్కన రోంత నవ్వు కదిలింది. మళ్ళీ గట్టిపడింది. "అయినా మేడమ్, మచ్చు చూసినా గదా. రెండువేలు అడిగితే వచ్చినాయి. మచ్చు చూడకుండా నేను దిగలే."

"మచ్చు యాడనుంచి తీసిందప్పా అది? పైనుంచా, అడుగునుంచా?"

ఆయన తన చేతికంటిన నల్లటి పులుసు వైపు చూసుకున్నాడు. నేను గెలిచేశాననుకున్నాను. మనుషులు ఒక్క మాటతో మారతారనుకోవడం నాలాంటి వాదులాడే వాళ్ళకున్న జబ్బు. ఆయన మారలేదు. "అయితే అడుగు చూద్దాం," అన్నాడంతే, ఫోన్ తీస్తూ.

మొదట నా ప్రశ్నలు అడిగాము. టీడీఎస్ అంటే డబ్బు ఇచ్చేవాడే పన్ను కోసుకుని ప్రభుత్వానికి కట్టి, మిగతాది మన చేతికివ్వడం. అట్లా కోసేవాడికి ట్యాన్ అని ప్రభుత్వం ఇచ్చిన నంబరు ఉండి తీరాలి. మీ ట్యాన్ ఎంత అని ఇంగ్లీషులో అడిగాను. చాటింగులో ఆ యమ్మ, ఫోటోలో చక్కగా నవ్వుతున్న మనిషి, రహస్య సమాచారం, గౌరవనీయులైన సార్‌కు చెప్పలేము అంది. సరే, ముప్పైలోంచి తొమ్మిది మీరే కోసుకుని ఇరవై ఒకటి పంపండి అన్నాను. సిస్టం ఒప్పుకోదు సార్, ముందు కట్టాలి, ఆలస్యమైతే ఖాతా స్తంభిస్తుంది అంది.

"చూసినావా?" అన్నాను.

"పరదేశం కంపెనీకి మన ట్యాన్ ఉండదేమో మేడమ్."

నాకు నాలుక చివరికి వచ్చింది ఒక మాట. మింగాను. మింగింది ఇదిగో ఇప్పటికీ గుర్తుంది.

శెట్టి ఒక మూటను దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు. "మీరడిగేటివన్నీ ఆఫీసరు ప్రశ్నలు. వాళ్ళు ఆఫీసరు జవాబులే చెప్తాండారు. నేను వ్యాపారి మాట ఒకటి అడుగుతా, మీరు ఇంగ్లీషు చేయండి."

ఆయన చెప్పాడు, నేను రాశాను: "పన్ను తొమ్మిది లక్షలూ మీరే కోసుకోండి. మిగిలిన ఇరవై ఒకటిలో ఇరవై లక్షలు కూడా మీకే వదిలేస్తా, సంతకం పెట్టి రాసిస్తా. నాకు ఒక్క లక్ష ఈ రోజు పంపండి. మనకు మనకు లెక్క సరి."

అర నిమిషంలో జవాబు వచ్చింది. గౌరవనీయులైన సార్, ముందు తొమ్మిది లక్షలు కట్టండి.

"యాభై వేలు చాలనండి."

గౌరవనీయులైన సార్, ముందు తొమ్మిది లక్షలు కట్టండి.

"పదివేలు."

అదే మాట.

శెట్టి ఫోన్‌ను మూట మీద బోర్లా పెట్టాడు. బయట సుత్తుల చప్పుడు టకటకా వినిపిస్తోంది. తర్వాత అన్నాడు, నాతో కాదు, ఎదురుగా ఉన్న చిప్పాలతో: "ఇరవై లక్షలు ఊరికే వదిలేస్తా, పదివేలు ఇమ్మంటే ఇయ్యని వ్యాపారి భూమ్మీద ఉండడు. ఉంటే ఇస్తాడు. వాళ్ళ దగ్గర పదివేలు కూడా లేవు మేడమ్. ఈ చిప్పానికి అడుగే లేదు."

ఇరవై రెండేళ్ళ నా చదువు చెయ్యలేని పనిని ఆయన బేరం చేసేసింది. నాకు రోంత అసూయ కూడా వేసింది, దాచుకోవడమెందుకు.

"రత్నా," అని పిలిచాడు. నేను లేవబోతే, "ఉండండి మేడమ్, మీరుంటే ధైర్యం," అన్నాడు.

ఆమె వచ్చింది. ఆయన నిలబడి, బడిలో పాఠం ఒప్పజెప్పినట్టు మొత్తం చెప్పాడు. లింకు, పేక, రెండు లక్షల నలభై వేలు, బయానా, రేపటి రిజిస్ట్రేషను. ఏదీ దాచలేదు. నాగరత్నమ్మ దగ్గరున్న మూట మీద కూర్చుంది.

"కొట్టం అమ్ముతాంటివా?"

"ఊఁ."

"ఆ ముప్పై లక్షలు వస్తే ఏం చేద్దామనుకుంటివి?"

శెట్టి తల వంచుకున్నాడు. "రేకులు పీకేసి స్లాబు వేయిద్దామని. ఎండకు మీరంతా ఉడికిపోతాండారు గదా."

"యాడ స్లాబు?"

"ఈడనే. ఈ కొట్టానికే."

ఆమె ఆయన్నే చూసింది. "కొట్టం అమ్మి కొట్టానికి స్లాబు వేయిస్తావా!" అంది. అని నవ్వింది. మొదట ఆమె, తర్వాత వాకిట్లో చెవులు ఒగ్గి వింటున్న ఆడవాళ్ళు, చివరికి శెట్టి కూడా. నిన్న నా ఆఫీసులో నవ్విన నవ్వుకూ దీనికీ ఎంత దూరమో నేను కొలవలేను. ఆ నవ్వు ఆయన్ని మెట్లు దింపింది. ఈ నవ్వు ఆయన్ని ఇంట్లోకి తెచ్చుకుంది.

అంతటితో వదిలిపెట్టిందనుకోకండి. ఎనిమిది రోజులు ఇంట్లో పప్పులో గానీ చారులో గానీ చింతపండు వేయలేదంట. చింతపండు వ్యాపారికి అంతకంటే పెద్ద శిక్ష ఏ కోర్టూ వేయలేదు.

సిమెంటు అంగడాయన బేరం పోయినందుకు వారం రోజులు గొణిగాడు. బయానా వెనక్కిచ్చి, దానికి తోడు ఇంటికి సరిపడా పువ్వు పండు ఇచ్చి ఆయన్ని చల్లబరిచారు. పోలీసు దగ్గరికి పోవడానికి మాత్రం శెట్టికి కాళ్ళు రాలేదు. "ఆట ఆడడమే తప్పు గదా మేడమ్, నన్నే లోపలేస్తే?" అన్నాడు. అదే భయాన్ని ఆ సైటువాళ్ళు పెట్టుబడిగా పెట్టుకున్నారు. నేను వెంట పోయాను. సైబర్ ఫిర్యాదు రాసుకున్న కానిస్టేబులమ్మ చేతిలోని పెన్ను ఆపకుండానే అంది, "తిట్టేది తర్వాత తిడతాలే పెద్దాయనా. ముందు యాడికెంత పంపినావో నంబర్లు చెప్పు, బిర్నా. ఆలస్యమయ్యేకొద్దీ సొమ్ము చేతులు మారిపోతాది." గీతలు కొట్టిన నా స్టేట్‌మెంటు అక్కడ పనికొచ్చింది. వారం ముందు పంపిన చివరి సొమ్ము, ముప్పై ఎనిమిది వేలు, ఇంకా ఒక అకౌంటులోనే ఉంది. దాన్ని ఆపించారు. కొన్ని నెలలకు కోర్టు ఉత్తర్వుతో వెనక్కి వచ్చింది. మిగతాది రాలేదు. వస్తుందని నేను ఎవరికీ చెప్పను. కొట్టం మాత్రం పోలేదు. సోమవారం సుత్తుల చప్పుడు మామూలుగానే మొదలైంది.

జూలైలో రిటర్ను వేయడానికి శెట్టి వచ్చాడు. అన్నీ అయినాక లేవకుండా కూర్చున్నాడు.

"మేడమ్, ఆ లేడీస్ టైలరు పంపిన రెండువేలకు పన్ను కట్టాల గదా. గెలుపే గదా అది. ముప్పై శాతం."

"కట్టక్కర్లేదప్పా. చేతికొచ్చినదాంట్లోంచి నువ్వు పెట్టింది తీసేస్తే మిగిలేదే గెలుపు. నీకేం మిగిలింది?"

"అయినా రేపెప్పుడన్నా నోటీసు వస్తే?"

"రాదు."

"వస్తే?"

అరగంట వాదించాం. నాతో అరగంట నిలబడేవాళ్ళు ఊళ్ళో తక్కువ. చివరికి నా లెటర్‌హెడ్డు తీసి, ఫలానా ఏడాది రంగయ్య శెట్టికి ఆటల మీద గెలుపు సున్నా, దాని మీద పన్ను సున్నా అని రాసి, సంతకం పెట్టి, సీలు వేసి ఇచ్చాను. రెండు చేతులతో తీసుకున్నాడు. మడత పడకుండా సంచిలో పెట్టుకున్నాడు.

మరుసటి ఏప్రిల్‌లో గోడ పట్టీ మార్చేటప్పుడు ఆ కింది నుంచి రెండో వరుస కింద ఇంకో రెండు వాక్యాలు రాయించాను: పన్ను కోసేవాడు నీకు ఇచ్చేదాంట్లోంచే కోస్తాడు. నువ్వే కట్టాల్సి వస్తే ప్రభుత్వానికి కడతావు, మనిషికి కాదు. ఇన్నేళ్ళు రేటు రాశాను గానీ ఎవరు, ఎట్లా కట్టాలో రాయలేదు. సగం చెప్పిన నిజాన్ని దొంగ పూర్తి చేసుకున్నాడు. ఈ కేసు నాకు నేర్పిన మొదటి పాఠం అది. రెండోది నా నోటి గురించి. మోసపోయిన మనిషి ఎవరు తనను గౌరవంగా చూస్తే వాళ్ళ దగ్గరికే పోతాడు. ఆ కుర్చీలో మనం కూర్చోకపోతే దొంగ కూర్చుంటాడు. అందుకని ఇప్పుడు నా ఆఫీసులో బెంచీ బయట వరండాలో ఉంటుంది, లోపల ఒక్క కుర్చీనే.

నోరు పూర్తిగా మారిందా అంటే, మొన్న ఒక టైల్సు మేస్త్రి వచ్చాడు. ఇదే కథ. సైటు పేరు వేరు, అంకె వేరు, ముందు కట్టమన్న పన్ను మాత్రం అదే. మజ్జిగ ఇచ్చి, మొత్తం విని, రైల్వే గేటు అవతలి కొట్టానికి పంపాను. ఇట్లాంటివాళ్ళను ఇప్పుడు అక్కడికే పంపుతాను. శెట్టి వాళ్ళతో ముందు చిప్పంలో చెయ్యి పెట్టించి, ఆ తర్వాత ఆ ఒక్క లక్ష బేరం ఆడిస్తాడంట. ఫీజు తీసుకోడు.

సాయంత్రం శెట్టి ఫోన్ చేశాడు.

"మేడమ్, మేస్త్రి కట్టనన్నాడు. కేసు పెట్టడానికి రేపు నేనే తోడు పోతాండా."

"మంచిదప్పా."

"ఒక మాట అడుగుతా, నిజం చెప్పండి. పంపేముందు తిట్టినారా?"

"రోంత."

"ఊఁ," అన్నాడు శెట్టి. "అందుకే పది నిమిషాలు ఎక్కువ పట్టింది."